సంతకం పైన ఖాళీ జాగా

పదింటికీ పదకొండింటికీ మధ్య ఎప్పుడైనా ఫోన్ రావచ్చునని ఉత్తరంలో రాశారు, వచ్చినప్పుడు ఎత్తకపోతే అప్పీలు వదులుకున్నట్టే భావిస్తామని దాని కిందే రాశారు. అందుకని ఆమె తొమ్మిదిన్నరకల్లా స్నానం చేసి, తల దువ్వుకుని, పెట్టె అడుగున మడతపెట్టి ఉంచిన మంచి బట్టలు తీసి కట్టుకుని, వంటగదిలో బల్ల ముందు కూర్చుంది. ఫోనులో బట్టలు కనపడవు కదే పిచ్చిమొహమా అని తనని తానే తిట్టుకుంది గానీ మార్చుకోలేదు, మార్చుకుంటూ ఉండగా మోగితే? ఛార్జరు తీగ పొట్టిది, ప్లగ్గేమో స్టవ్వు పక్కన, కుర్చీని గోడకి ఆనించి, మెడ ఒకవైపు వాల్చి, ఫోను మీద అరచెయ్యి పెట్టి కూర్చోవలసి వచ్చింది, వదిలేస్తే ఎక్కడ లేచి పారిపోతుందో అన్నట్టు. పొద్దుట తాగిన రెండు కప్పుల టీ ఇప్పుడు పని మొదలుపెట్టింది. బాత్రూముకి వెళ్ళాలి. వెళ్ళకూడదు. ఫోను పట్టుకుని వెళ్ళొచ్చు గానీ అక్కడ సిగ్నలు ఉండదు, పోయిన నెల ఆ ఆఫీసుకి చేస్తే అలాగే తెగిపోయింది, నలభై ఏడు నిమిషాలు లైన్లో వాళ్ళు పెట్టిన పాట వింటూ ఆగి ఆగి, చివరికి ఓ మనిషి గొంతు 'చెప్పండి' అనేసరికి... లేదు, వెళ్ళకూడదు, ఓర్చుకోవాలి. తొమ్మిదేళ్ళు ఓర్చుకోలేదూ, షిఫ్టులో రెండే రెండు సార్లు అనుమతి అని గోడ మీద రాసిపెట్టిన చోట? ఒంటికీ రెంటికీ కూడా టైం టేబులు వేసిన మహానుభావులు వాళ్ళు. పది దాటి నాలుగు నిమిషాలయింది.

బల్ల మీద కాగితాలు వరసగా పేర్చుకుంది. ఎడమ పక్కన దరఖాస్తు నంబరు రాసుకున్న చీటీ, తర్వాత తిరస్కరణ ఉత్తరం, తర్వాత పనికోసం ఎక్కడెక్కడ తిరిగిందో వారంవారం రాసుకున్న పాప పాత నోటుపుస్తకం, అన్నిటికన్నా చివర, బోర్లా తిప్పి, ఆ కాగితం. బోర్లా తిప్పినా లోపలి అక్షరాలు లీలగా కనపడుతూనే ఉన్నాయి. దాన్ని చూడకుండా తిరస్కరణ ఉత్తరమే మళ్ళీ చదివింది, నోటికొచ్చినా చదివింది. 'మీరు స్వచ్ఛందంగా ఉద్యోగం మానుకున్నందున నిరుద్యోగ భృతికి అర్హులు కారు.' స్వచ్ఛందంగా. ఎంత అందమైన మాట. మొదటిసారి చదివినప్పుడు ఆమెకి కోపం రాలేదు, నవ్వొచ్చింది, నిజంగా నవ్వొచ్చింది, ఈ జన్మలో తనంతట తాను మానుకున్నది ఒక్కటైనా ఉందా అని కూర్చుని వెతుక్కుంది. చదువు మానలేదు, మాన్పించారు. పాడటం మానలేదు, పెళ్ళయిన కొత్తలో అత్తగారు తలనొప్పి అంటే గొంతే దిగిపోయింది. టీలో పంచదార ఒక్కటి మానుకుంది, అదీ డాక్టరు కళ్ళెర్రజేస్తే. అలాంటి దానికి తొమ్మిదేళ్ళ ఉద్యోగం, చేతులు రెండూ మోచేతుల దాకా ఎర్రబడి పొట్టు లేచిపోయినా వదలని ఉద్యోగం, ఒక శుక్రవారం పూట స్వచ్ఛందంగా మానుకోవాలని బుద్ధి పుట్టిందట. వ్యక్తిగత కారణాల వల్ల అట. ఏం కారణాలో అవి ఆమెకి కూడా చెప్తే బాగుండును. నవ్వు అయిపోయాక ఉత్తరం వెనకాల పిన్ను చేసిన రెండో కాగితం తిప్పి చూసింది. ఆ రోజు పాప స్కూలు నుంచి వచ్చేదాకా గ్యాసు స్టవ్వు కూడా వెలిగించలేదు.

కింద ఉన్న సంతకం ఆమెదే. అది ఎవరూ దొంగతనంగా గీసింది కాదు, ఆమె చేత్తో ఆమె పెట్టిందే, చివర కొద్దిగా పైకి లేచి ఆగిపోయే ఆ గీత ఆమెకి తప్ప ఇంకెవరికీ రాదు. పైన రాజీనామా చేస్తున్నానని ఉన్న నాలుగు వాక్యాలు మాత్రం ఆమెవి కావు. ఆ రాత ఆమెకి బాగా తెలుసు, అక్షరాలన్నీ కుడివైపుకి ఒరిగి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోయే రాత. తన పాపకి ఆయాసం వచ్చిన రోజుల్లో 'కూతురి అనారోగ్యం వల్ల ఒకరోజు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన' అని రాసింది ఆ చెయ్యే. అక్క చెయ్యి. తోడబుట్టింది కాదు, షిఫ్టు సూపర్వైజరు, అయినా షెడ్డులో అందరికీ అక్కే. ఆసుపత్రుల దుప్పట్లు, గౌన్లు, తలగడ గలీబులు ఉతికే చోట సెలవు కావాలంటే షిఫ్టు మొదలయ్యే లోపు మనిషి స్వయంగా వచ్చి, చేత్తో రాసిన చీటీ ఇచ్చి, వెనక్కి పోవాలి. ఫోను చేస్తే చెల్లదు. చీటీ లేకుండా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు రానక్కర్లేదు. తెల్లారుజామున అయిదింటికి పిల్ల ఊపిరందక గింజుకుంటూ ఉంటే, పిల్లని ఎవరి చేతుల్లో పెట్టి చీటీ ఇవ్వడానికి బస్సెక్కాలి? ఆ రూలు పెట్టినవాడికి పిల్లలు ఉండి ఉండరు, ఉన్నా వాడి పెళ్ళాం పెంచి ఉంటుంది. అప్పుడు అక్కే దారి చూపించింది. అందరూ తలా అయిదు తెల్లకాగితాలు, అడుగున సంతకం పెట్టి, పైన ఖాళీ వదిలి తనకి ఇచ్చేయండి, సొరుగులో పెట్టి తాళం వేసుకుంటాను, మీకు కష్టమొచ్చిన రోజున నాకొక్క ఫోను కొట్టండి, మిగతాది నేను రాసి పెట్టేస్తాను. అందరూ ఇచ్చారు. ఎందుకివ్వరు? అక్క కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశారు. ఆమె ఆరోజు కాగితాలు తెచ్చి ఇస్తూ, వంకరగా పెట్టిన సంతకాన్ని చూసి సిగ్గుపడి, 'ఇంకోటి పెట్టమంటావా అక్కా' అని కూడా అడిగింది. అక్క నవ్వి, ఇదే బాగుంది, ఇంకొంచెం కిందకి పెట్టు, రాయడానికి జాగా ఉండాలి కదా, అంది.

అయిదు అయిపోతే ఇంకో అయిదు, అవీ అయిపోవస్తే మరో అయిదు. మొత్తం పదిహేను. పదమూడు వాడుకుంది. ఎనిమిది పాప ఆయాసానికి, రెండు మొగుడు నిచ్చెన మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నప్పుడు, ఒకటి తల్లి పోయిన కబురు వచ్చిన రోజు, ఒకటి స్కూలు వాళ్ళు పిలిస్తే. పదమూడోది మాత్రం ఊరికే. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు, తెల్లవారి లేచి కూర్చుంటే లేవబుద్ధి కాలేదు, అంతే, మంచం అంచున కూర్చుని అక్కకి ఫోను చేసి, 'నాకివాళ నిద్రపోవాలని ఉంది అక్కా' అంటే అక్క ఒక్క క్షణం ఆగి, 'పడుకోవే పిచ్చిదానా, జ్వరం అని రాస్తాలే' అంది. ఆ మాటకి ఆమె దుప్పటి ముసుగు పెట్టుకుని ఏడ్చింది. ఎవరన్నారు అలా ఆమెతో, పుట్టి బుద్ధెరిగాక, పడుకోవే అని? ఆ ఒక్క మాట కోసం ఆమె అక్కకి ఇంకో వంద తెల్లకాగితాలైనా ఇచ్చేది. అసలు అక్క సూపర్వైజరు కాకముందు ఇద్దరూ ఒకే దుప్పటికి రెండు కొసలు. ఇస్త్రీ రోలరు లోంచి కాలిపోతూ బయటికొచ్చే దుప్పటిని ఇటు ఒకరు అటు ఒకరు అందుకుని, మూలలు కలిపి, నాలుగడుగులు వేసి ఎదురెదురుగా వచ్చి, అక్క చేతిలోంచి ఆమె అందుకుని, మళ్ళీ వెనక్కి నాలుగడుగులు. రోజుకి ఎనిమిది వందల సార్లు. మాట్లాడక్కర్లేదు, చూడక్కర్లేదు, అటువైపు చెయ్యి ఎప్పుడు వదులుతుందో, ఎప్పుడు లాగుతుందో ఒంటికే తెలిసిపోయేది. కొత్తగా చేరిన వాళ్ళతో జత కడితే వాళ్ళు తొందరపడి ముందే వదిలేస్తారు, దుప్పటి నేల మీద పడుతుంది, పడితే మళ్ళీ ఉతకాలి. అక్కతో ఉన్న మూడేళ్ళలో ఒక్క దుప్పటి పడలేదు. ఆ సంగతి ఇవాళ ఫోను చేసే అప్పీలు అధికారికి చెప్పాలి అనుకుంది, వెంటనే ఛీ అనుకుంది, దుప్పటి పడలేదని చెప్తే వాళ్ళు ఏ గడిలో రాసుకుంటారు? పది దాటి పదిహేడు నిమిషాలు.

ఆ శుక్రవారం కూడా అక్క ఆమెని ట్రాలీల వెనక్కి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. మడతపెట్టే మెషినొకటి వస్తోందే, ఆరుగురి పని చేస్తుందట, ముందు నీ పేరే రాశారు, నేనెంత చెప్పినా వినలేదు. అక్క కళ్ళల్లో నీళ్ళు, అబద్ధం నీళ్ళు కావు, అబద్ధం నీళ్ళయితే ఆమెకి తెలియదూ? కాగితమేమీ ఇవ్వరు, నోటిమాటే, నువ్వేం బెంగపెట్టుకోకు, తీసేస్తే నిరుద్యోగ భృతి వస్తుంది, ఆరు నెలలు వస్తుంది, దరఖాస్తు నేనొచ్చి పెట్టిస్తాగా. అన్నట్టే ఆదివారం వచ్చింది. వచ్చి ఇదిగో ఈ బల్ల ముందే, ఈ కుర్చీలోనే కూర్చుంది. పాపకి బిస్కట్ల పొట్లం తెచ్చింది. ఫోను తన చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని, ఒక్కో గడీ తనే నింపింది, పుట్టినతేదీ, బ్యాంకు నంబరు, ఎన్నాళ్ళు చేశావు, ఎక్కడ చేశావు. 'ఉద్యోగం ఎందుకు పోయింది' అన్న చోట నొక్కితే మూడు మాటలు కిందకి జారాయి, తొలగించారు, మానుకున్నారు, ఇతరం. అక్క వేలు 'తొలగించారు' మీద ఆగింది, నొక్కింది, 'ఇదే కీలకం, ఇది తప్పితే నీకు రాదు' అంది. అంది కదా, తన నోటితోనే అంది. టీ తాగింది, గ్లాసు తనే కడిగి బోర్లించింది. గడప దాటుతూ పాప నెత్తి మీద చెయ్యి వేసింది. ఇప్పుడు ఈ కాగితం మీద తేదీ చూస్తే ఆ శుక్రవారానిదే. అంటే? అంటే ఆదివారం ఈ కుర్చీలో కూర్చుని టీ తాగేటప్పటికే ఇది రాసేసి ఉందా? రాసేసి, సొరుగులో పెట్టి, తాళం వేసి, బిస్కట్లు కొనుక్కుని వచ్చిందా? లేకపోతే తర్వాతెప్పుడో వాళ్ళు మెడ మీద కత్తి పెడితే రాసి, పాత తేదీ వేసిందా? తీసేసినట్టు చూపిస్తే కంపెనీ ఆ భృతి నిధికి కట్టే భాగం పెరుగుతుందట, అందుకని మానుకున్నట్టు చూపించుకుంటారట, ఇవన్నీ తర్వాత మొగుడు ఎవరినో అడిగి తెలుసుకొచ్చాడు. అక్కని బెదిరించి ఉంటారు. పాపం అక్కకి మాత్రం ఎవరున్నారు? ఇదిగో, మళ్ళీ మొదలు. నిలువునా ముంచిన మనిషికి కూడా కూర్చుని సాకులు వెతికిపెడుతోంది, ఆ మనిషి వెతుక్కోలేదనుకుందో ఏమో. రాసింది ముందా, వెనకా? ఇరవై రోజులుగా ఆమెని తినేస్తున్నది డబ్బు కాదు, ఈ ఒక్క ప్రశ్న. తర్వాత రాసి ఉంటే ఏదో రోజున క్షమించగలదు. ముందే రాసి ఉంటే ఆ కడిగి బోర్లించిన గ్లాసుని ఏం చెయ్యాలో ఆమెకి తెలియడం లేదు.

ఫోను వెలిగింది. మోగలేదు, వెలిగింది. ఆదివారం పంపాల్సినదానికి ఇప్పుడే సందేశం పెట్టి గుర్తుచేస్తున్నారు, ఈ వారం ధ్రువీకరణ సమర్పించడం మరచిపోకండి అని. భృతి ఇవ్వరు గానీ, అప్పీలు తేలేదాకా వారం వారం ఆ ప్రశ్నలకి జవాబులు మాత్రం ఇస్తూనే ఉండాలి, ఒక్క వారం తప్పితే మొత్తం చచ్చినట్టే. ఈ వారం మీరు పని చేయగలిగే స్థితిలో ఉన్నారా? ఉన్నాను మహాప్రభో. పని దొరికితే వెంటనే చేరతారా? ఇప్పుడే చెప్పులేసుకుంటాను. ఎన్ని చోట్ల ప్రయత్నించారు? మూడు చోట్లకి తగ్గకూడదు, పేరూ, వీధీ, మాట్లాడిన మనిషీ రాయాలి. అలా పాప పాత నోటుపుస్తకంలో, కూడికలూ తీసివేతల వెనకవైపున, ఇరవై ఒక్క చోట్ల పేర్లు చేరాయి. హోటల్లో పక్కలు మార్చే పని, వృద్ధుల ఆశ్రమంలో వంటగది పని, బట్టల కొట్లో మడతలు పెట్టే పని. మడతల కొట్టు వాడు ముచ్చటపడ్డాడు, చొక్కా ఒకటి మడిచి చూపించమన్నాడు, చూపిస్తే అబ్బో అన్నాడు, పాత చోట ఎందుకు మానేశారమ్మా అన్నాడు. తీసేశారండీ అంది. వాడు మొహం అదోలా పెట్టి, ఫోను చేస్తామన్నాడు. తీసేశారంటే పని ఇవ్వరు, మానేశారంటే భృతి ఇవ్వరు. ఒక్క నోటితో ఎన్ని సమాధానాలు చెప్పాలి మనిషి? వాడూ చెయ్యలేదు, హోటలు వాళ్ళూ చెయ్యలేదు. ఇంతకీ ఈ అధికారిగారైనా చేస్తాడో చెయ్యడో. పది ముప్పై ఒకటి. పక్కన గడియారం ఉంటే చూడకుండానే చెప్పేది.

గడియారం అంటే గోడ మీదది కాదు, మనిషి. మురికి దుప్పట్లు వేరుచేసే బల్ల దగ్గర పనిచేసే పెద్దావిడ, కిటికీ ఒక్కటీ లేని ఆ షెడ్డులో వాచీ లేకుండా వేళ చెప్పేస్తుంది, అయిదు నిమిషాలు అటూ ఇటూ కావు. ఎలా చెప్తావే అంటే నా మొగుడి కాళ్ళవాపుని బట్టి అంటుంది, అందరూ నవ్వుతారు, ఆవిడా నవ్వుతుంది. ఆయనకి మూత్రపిండాలు పాడైపోయాయి, వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాలి, తీసుకెళ్ళేది ఆవిడే. వారానికి రెండు సెలవులు ఏ దేవుడిస్తాడు? సొరుగే ఇస్తుంది. షెడ్డులో అందరికన్నా ఎక్కువ తెల్లకాగితాలు గడియారానివే. నిన్న సాయంత్రం ఫోను చేసి, ఏడుస్తూ, దగ్గుతూ, మళ్ళీ ఏడుస్తూ ఒకటే మాట. 'నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ, ఆ కాగితాల మాట మాత్రం ఎత్తకు. ఎత్తితే సొరుగు తెరిపిస్తారు. తెరిస్తే అందరం రోడ్డున పడతాం, నా సంగతి నీకు తెలుసుగా.' నేనేం చెప్తానో నాకే తెలియదు పిన్నీ, అంది ఆమె. 'నీకు అన్యాయం జరిగిందే, కాదంటానా, కానీ పన్నెండు మంది పొట్టలే.' ఫోను పెట్టగానే మొగుడు అందుకున్నాడు, ఎంతసేపటి నుంచి వింటున్నాడో. ఆ భుజం విరిగినప్పటి నుంచీ రంగుల పని సగానికి సగం పడిపోయింది, మాట మాత్రం రెట్టింపయింది. 'చెప్పెయ్. అందరి కాగితాల గురించీ చెప్పెయ్. వాళ్ళ పొట్టలు వాళ్ళవి, మన పొట్ట ఎవరిది? నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేసి మా వదిన వెనక గదిలో పడుకునేది వాళ్ళా మనమా?' తోడికోడలైతే అప్పుడే గది సర్దేసింది కూడా. పాత డబ్బాలన్నీ బయట పెట్టించి, మొన్న ఫోను చేసి, మీకోసం పరుపు ఎండలో వేశాను, మీరేం మొహమాటపడకండి, మనవాళ్ళేగా, అని పంచదార పాకం గొంతుతో చెప్పింది. ఆ గొంతు వింటుంటేనే ఒళ్ళు చీదరించుకుంటుంది, ఇక రోజూ వినాలి, గిన్నె తీసినా వినాలి, పంపు తిప్పినా వినాలి, పాప గట్టిగా దగ్గినా వినాలి. ఆమెకి వద్దు. ఆ గది వద్దే వద్దు. అయినా నిన్న పడుకునే ముందే ఒక నిర్ణయానికి వచ్చింది, తెల్లకాగితాల మాట ఎత్తదు, నేను రాయలేదు అని మాత్రం చెప్తుంది, ఎందుకంటే అక్క కూడా లైన్లో ఉంటుంది కదా, సాక్షిగా, ప్రమాణం చేసి. తన గొంతు చెవిలో పడ్డాక అక్క అంత అబద్ధం ఆడలేకపోతుంది. అధికారి అడుగుతాడు, అక్క ఒక్క క్షణం ఆగుతుంది, ఆగి, లేదండీ, ఆ పిల్ల మానుకోలేదు అంటుంది. అంతే, అయిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు.

ఫోను మోగింది. మొదటి మోతకే ఎత్తింది, ఎత్తడంలో తీగ ఊడిపోయింది.

అవతల మగగొంతు, నెమ్మదైనది, రోజుకి పదిసార్లు చదివే కాగితం చదువుతున్న గొంతు. మీ పేరు, దరఖాస్తు నంబరు, ఈ విచారణ రికార్డవుతుంది. కంపెనీ తరఫున మేనేజరుగారు, సాక్షిగా షిఫ్టు సూపర్వైజరుగారు లైన్లో ఉన్నారు. నిజమే చెబుతానని ప్రమాణం చేస్తున్నారా? చేస్తున్నానండీ, అంది ఆమె. తర్వాత అక్క కూడా చేసింది, ఆ గొంతు చెవిలో పడగానే ఆమెకి ఎక్కడో ప్రాణం లేచొచ్చింది, ఎంతకాలమైందో విని, చూడు సిగ్గులేనితనం. అధికారి అక్కని అడిగాడు, ఈ రాజీనామా ఎవరు రాశారు? ఆమె చెప్తే నేనే రాశానండీ, ఆమెకి రాయడం అంత అలవాటు లేదు, చదువుకుని సంతకం పెట్టారు, నా చేతికే ఇచ్చారు. ఎవరైనా ఒత్తిడి చేశారా? లేదండీ, ఆమె ఇష్టపూర్వకంగానే ఇచ్చారు. ఆగలేదు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. పెట్టారు, ఇచ్చారు. తొమ్మిదేళ్ళు ఏమే, ఒసే, పిచ్చిదానా అని పిలిచిన నోటితో ఆమెకి మర్యాదలు చేస్తోంది. అక్కడెక్కడో మేనేజరు గొంతు సవరించుకున్నాడు, కుర్చీ కిర్రుమంది, ముగ్గురూ వేరువేరు చోట్ల ఉన్నట్టు లేరు, అక్కా మేనేజరూ ఒకే గదిలో, ఒకే ఫోను ముందు ఉన్నారు. అధికారి ఇటు తిరిగి, మీరు సాక్షిని ఏమైనా అడగదలుచుకున్నారా అన్నాడు. మొగుడు కాగితం మీద ఆరు ప్రశ్నలు రాసి ఇచ్చి వెళ్ళాడు. ఆమె ఆ కాగితం వైపు చూడలేదు.

"అక్కా, ఆదివారం మా ఇంటికి వచ్చేముందు రాశావా, వెళ్ళాక రాశావా? అది ఒక్కటి చెప్పు."

ఇప్పుడు మాత్రం అక్క ఆగింది.

"నేను మీ ఇంటికి ఎప్పుడూ రాలేదండీ."

రాలేదండీ. ఆమె కూర్చున్న కుర్చీ కేసి చూసుకుంది. స్టవ్వు కేసి చూసింది. ఎంత నమ్మకంగా అంది ఆ మాట, ఒకవేళ నిజంగానే రాలేదేమో అని ఒక అరక్షణం ఆమెకే అనిపించింది. కోపం అప్పుడొచ్చింది, ఇరవై రోజుల కోపం ఒక్కసారి, చెవుల దాకా వేడిగా. ముందా వెనకా అని ఇక ఎవరినీ అడగక్కర్లేదు. అయ్యా, నేను చెప్తాను రాసుకోండి అంది. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి నేనే ఇచ్చాను, పదిహేను ఇచ్చాను, ఈవిడ సొరుగులో ఉంటాయి, సెలవు కావాలంటే నేను ఫోను చేస్తాను, ఈవిడ రాస్తుంది. పదమూడు అలా రాసింది. పద్నాలుగోదాని మీద ఇది రాసింది. అధికారి టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

"అంటే ఆ సెలవు చీటీలు మీరు స్వయంగా వచ్చి ఇచ్చినవి కావు. మీకు తెలిసే అలా చేశారు. దీన్ని మీ తప్పుగా కంపెనీ చూపించొచ్చు, అర్థమవుతోందా?"

"అవుతోందండీ. అందులో ఒకరోజు జ్వరం అని ఉంటుంది. నాకు జ్వరం లేదు, నిద్రపోయాను. పదమూడూ నేను రాసినవి కావు. ఇదీ ఆ చెయ్యి రాసిందే."

టైపు చప్పుడు మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. ఈసారి ఆయన చదువుతున్నట్టు కాకుండా మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "చూడమ్మా. ఆవిడ రానే రాలేదంటున్నారు, మీరు వచ్చిందంటున్నారు. ఇది మీ మాట, అది ఆవిడ మాట, సంతకం మాత్రం మీది. అక్కడ ఇంకెవరైనా ఇలా ఖాళీ కాగితాలు ఇచ్చి ఉంటే ఒక్క పేరు చెప్పండి చాలు. పిలిపించి అడుగుతాను, సొరుగు తీయిస్తాను. మీ కేసు నిలబడుతుంది. ఎవరైనా ఉన్నారా?"

అటువైపు మేనేజరు కుర్చీ కిర్రుమనడం మానేసింది. అక్క ఊపిరి వినపడుతోంది, పొట్టిపొట్టిగా, రోలరు పక్కన వేసవిలో తీసినట్టు. ఈ వేళప్పుడు గడియారం రబ్బరు తొడుగులు వేసుకుని మురికి మూటలు విప్పుతూ ఉంటుంది, రేపు ఆసుపత్రి రోజు, ఆయన పొద్దుటే గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. ఒక్క పేరు. నోట్లోనే ఉంది, నాలుక చివరే ఉంది, పెద్ద పేరు కూడా కాదు. ఆరు నెలల భృతి, ఈ ఇల్లు, ఈ స్టవ్వు, పాప దగ్గితే ఎవరూ ఏమీ అనని ఈ గోడలు. తోడికోడలు పరుపు ఎండలో వేసింది, రెండు వైపులా తిప్పి వేసే ఉంటుంది. మొగుడు సాయంత్రం వచ్చి ఏమైందని అడుగుతాడు. ఆ సొరుగు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలిసీ పన్నెండు మంది ఈపాటికి గుండెలు గుప్పిట్లో పెట్టుకుని గలీబులు మడతపెడుతూ ఉంటారు, ఆమె ఏమంటుందో అని. వాళ్ళు ఆమెని నమ్మి కూర్చున్నారు, ఇంకేం చెయ్యగలరు.

"లేదండీ. ఇంకెవరూ లేరు."

"ఖాయమేనా? ప్రమాణం చేశారు, గుర్తుంది కదా."

"గుర్తుందండీ," అంది ఆమె. "అక్కడ ఆవిడని అంతగా నమ్మింది నేనొక్కదాన్నే."